సియోల్‌లో నాలుగేళ్ళ అనుభవం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తు గోడకు వేలాడే ఫ్లెక్సీలో నేను నవ్వుతూ ఉంటాను. నీలం కోటు, ఎర్ర టై, వెనకాల సియోల్ నగరపు టవరు. కింద పసుపు అక్షరాల్లో "అనుదీప్ సర్, సియోల్‌లో నాలుగేళ్ళ రియల్ టైమ్ అనుభవం" అని ఉంటుంది. కోటు పంజాగుట్టలో ఒక ఫోటో స్టూడియోవాళ్ళది. టవరు కూడా వాళ్ళదే. ముఖం ఒక్కటే నాది. నిజానికి నేను దాటిన సరిహద్దు ఒకే ఒక్కటి. మా మేనమామ పెళ్ళిచూపులకని జహీరాబాద్ దాటి బీదర్ వెళ్ళాను. ఆ సంబంధం కూడా కుదరలేదు.

దీన్ని అబద్ధం అనేవాళ్ళు అమీర్‌పేటకు కొత్తవాళ్ళు. ఇక్కడ అనుభవం ఉందా అని ఎవరూ అడగరు, ఎన్నేళ్ళు పెట్టమంటావ్ అని అడుగుతారు. ప్లేటులో చట్నీ పెట్టినట్టు రెజ్యూమేలో అనుభవం పెడతారు. రెండేళ్ళు పెడితే ఎవరూ పిలవరు, ఆరేళ్ళు పెడితే అనుమానపడతారు, నాలుగేళ్ళయితే అందరికీ అరుగుతుంది. అది పెట్టినవాడికి, పెట్టించుకున్నవాడికి, ఉద్యోగమిచ్చేవాడికి కూడా తెలుసు. అందరికీ తెలిసినదాన్ని మోసం అనడం నాకు మొదట్లో ఇష్టముండేది కాదు.

ఒక్క నిజం మాత్రం చెప్పుకోవాలి. కొరియా భాష నాకు నిజంగానే వచ్చు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవాలని సంగారెడ్డి నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఏడేళ్ళుగా ఉంటున్నాను. ఇంటర్వ్యూలు తప్పిన ప్రతి సాయంత్రం పై మంచం మీద పడుకుని ఫోనులో కొరియా సీరియళ్ళు చూశాను. మొదట కథ కోసం చూశాను, తర్వాత మాట కోసం, చివరికి లిపి కూడా నేర్చుకున్నాను. ఉద్యోగం రాలేదు గానీ భాష వచ్చింది. కష్టపడినదానికి కాక ఏడ్చినదానికి ఫలితం దక్కడం నా జాతకం.

మా ఇన్‌స్టిట్యూట్ ఓనరు హనుమాండ్లు సర్. ఆయనకు పాఠం చెప్పడం రాదు, గాలి ఎటు వీస్తోందో చెప్పడం వచ్చు. ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్స్ నడిపించాడు, తర్వాత టెస్టింగ్, ఆ తర్వాత క్లౌడ్. ఒకరోజు లిఫ్టులో నలుగురు అమ్మాయిలు ఒకే ఫోను చుట్టూ చేరి కొరియా సీరియల్ చూస్తూ ముక్కులు తుడుచుకోవడం చూశాడు. మూడో అంతస్తులో దిగాల్సినవాడు వాళ్ళతో ఐదు దాకా పోయి, వివరాలన్నీ అడిగి మెట్ల మీదుగా దిగి వచ్చాడు. వారం తిరిగేసరికి క్లౌడ్ ల్యాబు కాస్తా కొరియా హాలయింది. కోర్సు పేరు "కొరియన్ కల్చర్ టూర్ రెడీనెస్". నలభై అయిదు రోజులు, మెటీరియల్‌తో సహా. దాని కోసం ఫ్యాకల్టీగా నన్ను పెట్టి, నాకు నాలుగేళ్ళు పెట్టాడు.

చూడటానికి పోయే ఊరికి కోచింగ్ ఎందుకని మీకు అనిపించవచ్చు. అమీర్‌పేటలో ఎవరికీ అనిపించలేదు. కోచింగ్ లేకుండా ఏం చేసినా అందులో ఏదో లోటు ఉండిపోతుందని ఇక్కడి జనానికి గట్టి నమ్మకం. మొదటి బ్యాచికే ఇరవై మంది వచ్చారు. పెద్దవాళ్ళకు ముప్పై డిగ్రీలు, మరీ పెద్దవాళ్ళకు నలభై అయిదు డిగ్రీలు వంగాలని చెబితే, హనుమాండ్లు సర్ బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానిని కొనుక్కొచ్చి ఒక్కొక్కరి నడుము పక్కన పెట్టి కొలిచాడు. పుల్లలతో తినే ప్రాక్టికల్‌కు కింది టిఫిన్ సెంటర్ నుంచి సేమ్యా ఉప్మా తెప్పించేవాళ్ళం. మొదటి మంచు కురిసేటప్పుడు ఎలా నిలబడాలో నేర్పడానికి సీలింగ్ ఫ్యాను రెక్కల మీద థర్మాకోల్ పూసలు పోసి స్విచ్చి వేసేవాళ్ళం. అందరికీ దగ్గు వచ్చేది.

విద్యార్థులు మాత్రం దగ్గుతూనే నోట్సు రాసుకునేవారు. పంజాగుట్టలో ఒక బ్యాంకులో పనిచేసే సుష్మిత మొదటి బెంచీలో కూర్చుని, నేను ఏం చెప్పినా చివర్లో చెయ్యెత్తి అదే ప్రశ్న అడిగేది. "సర్, ఇది టూర్‌ల వస్తదా?" వస్తది అంటే కింద గీత గీసుకునేది. రాకపోవచ్చు అంటే కొట్టేసేది. విమానాశ్రయంలో ఆఫీసరు అడగబోయే యాభై ప్రశ్నలూ వాటి జవాబులూ జిరాక్సు తీయించి పంచితే, మూడు రోజుల్లో క్లాసంతా ఒకే గొంతుతో అప్పగించింది. 

ఒక పాఠం మాత్రం నేను ఇష్టంగా చెప్పాను. కొరియావాళ్ళను ఎవరైనా మెచ్చుకుంటే వాళ్ళు ఒప్పుకోరు. "నాకేం వచ్చు, ఇంకా చాలా దూరం పోవాలి" అంటారు. తనకు తెలిసినదాన్ని తెలియదనడం అక్కడి మర్యాద. ఈ పాఠం తర్వాత నా మెడకే చుట్టుకుంటుందని నాకు అప్పుడు తెలియదు.

జీవమణి గారి సంగతి చెప్పాలి. సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళది తెనాలి, కానీ హైదరాబాద్ వచ్చి ముప్పై అయిదేళ్ళయింది. అసలు చేరింది ఆవిడ మనవరాలు ఒలీవియా. రెండు క్లాసులకు వచ్చి, తనకిష్టమైన పాటల బృందంలో ఒకడికి పెళ్ళి కుదిరిందని విరక్తి పుట్టి మానేసింది. కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు అని మా గోడ మీద దేవుడి పటం కంటే పెద్ద బోర్డు ఉంది. దాంతో, మనవరాలి బదులు అమ్మమ్మ వచ్చి కూర్చున్నారు. చివరి బెంచీ, చేతిసంచీ, అందులో కళ్ళజోడు పక్కన బైబిలు. ప్రశ్నలు అడిగేవారు కాదు. నేను చెప్పేది రోగి నాడి చూస్తున్నట్టు వినేవారు. నెల తిరగకుండా క్లాసులో అందరికంటే బాగా మాట్లాడింది ఆవిడే. మనవరాలి కోసమని వచ్చిన మనిషి, పోనుపోనూ తన కోసమే రావడం మొదలుపెట్టారు.

కోర్సు అయ్యేసరికి హనుమాండ్లు సర్ పంజాగుట్టలో ట్రావెల్స్ నడిపే రాఘవేందర్‌తో మాట్లాడి టూరు ఖాయం చేశాడు. ఇరవై టికెట్లకు ఒకటి ఉచితం. ఆ ఒక్కటి ఫ్యాకల్టీకి. 

ఆ మాట విన్న సాయంత్రం నేను మెట్రో స్టేషన్ కింద చాలాసేపు ఊరికే నిలబడ్డాను. ఎవరికీ చెప్పుకోలేని కోరిక ఒకటి నాలో ఏడేళ్ళుగా ఉంది. ప్రతి సీరియల్లోనూ ఉద్యోగం పోయినవాడో, మనసు విరిగినవాడో నది ఒడ్డున ఒక చిన్న కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వేడివేడి నూడుల్స్ తింటాడు. పక్కన ఎవరూ ఉండరు. అయినా వాడు ఒంటరివాడని నాకెప్పుడూ అనిపించలేదు. నేను ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చోవాలి. రాజభవనాలూ వద్దు, టవరూ వద్దు. ముప్పై ఏళ్ళవాడికి ఉండాల్సిన కోరిక కాదని తెలుసు. తెలిసినా ఉంది.

వీసా కాగితాలు రాఘవేందర్ మనుషులు నింపారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతి ఫ్యాకల్టీకీ ఒక ఫైలు సిద్ధంగా ఉంటుంది. రెజ్యూమే, అనుభవ పత్రం, ఫోటోలు. హనుమాండ్లు సర్ నా ఫైలు యథాతథంగా పంపించేశాడు. వాళ్ళు పెన్సిల్‌తో గుర్తు పెట్టిన పద్నాలుగు చోట్ల నేను క్లాసు మధ్యలో, థర్మాకోల్ దులుపుకుంటూ సంతకాలు పెట్టాను. ఒక్క పేజీ కూడా చదవలేదు. అమీర్‌పేటలో గుర్తు ఉన్నచోట సంతకం పెట్టడమే గానీ, పైన ఏముందో చదివే అలవాటు ఎవరికీ లేదు.

మూడు వారాలకు పాస్‌పోర్టులు తిరిగొచ్చాయి. ఇరవై మందికీ వీసా వచ్చింది. నా పాస్‌పోర్టులో మాత్రం మడత పెట్టిన ఒక కాగితం ఉంది. నేనిచ్చిన వివరాలు నిజం కానందువల్ల వీసా నిరాకరించడమైనదని దాని సారాంశం. పంజాగుట్ట వెళ్ళి నా దరఖాస్తు నకలు తీయించి మొదటిసారి చదివాను. గతంలో కొరియాలో ఉన్నారా అన్నచోట "అవును, నాలుగేళ్ళు" అని ఉంది. దానికి జతగా సియోల్‌లో ఎక్కడా లేని కంపెనీ ఒకటి ఇచ్చిన అనుభవ పత్రం ఉంది. నా పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు.

రాఘవేందర్ తల గోక్కున్నాడు. "అన్నా, ఫైల్ల ఉన్నదే ఎక్కించినం. నువ్వు నిజంగ పోలేదని మాకెట్ల ఎర్క?" 

అతని తప్పేమీ లేదు. ఈ ఊళ్ళో నలభై కంపెనీల ఇంటర్వ్యూల్లో చెల్లని నా అనుభవాన్ని నమ్మినవాడు అతనొక్కడే. ఎన్నడూ పోనివాళ్ళందరికీ దారి తెరుచుకుంది, నాలుగేళ్ళు ఉండి వచ్చినవాడికి మూసుకుపోయింది. నేను తీసుకున్న గోతిలో నేనే పడటానికి కూడా నాకు పద్నాలుగు సంతకాలు పట్టాయి. ఆ రోజు హాస్టల్‌కు వచ్చి బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

క్లాసుకు ఏం చెప్పాలో హనుమాండ్లు సర్ నిమిషంలో తేల్చేశాడు. సర్ ఇప్పటికే నాలుగేళ్ళు ఉండి వచ్చిండు కాబట్టి, ఆ దేశంవాళ్ళు ముందు కొత్తవాళ్ళకు అవకాశం ఇస్తున్నారని చెప్పాడు. అందరూ నా వైపు గౌరవంగా చూశారు. సుష్మిత అయితే, మీ కోటా మాకిచ్చిండ్రు సర్ అని ముప్పై డిగ్రీలు వంగింది.

వాళ్ళు వెళ్ళారు. నేను ఖాళీ కొరియా హాల్లో కూర్చుని వీడియో కాల్లో గైడు పని చేశాను. విమానాశ్రయంలో ఆఫీసరు మొదటి ప్రశ్న అడగగానే, మావాళ్ళు వరసగా ఒకే జవాబు, ఒకే చోట ఆగి, ఒకే చోట నవ్వి చెప్పారట. ఏడో మనిషికి ఆయన తన సీనియర్‌ను పిలిచాడట. జీవమణి గారి వంతు వచ్చినప్పుడు, "నా మనవరాలు మానేసింది, అందుకని నేనొచ్చాను" అని ఆవిడ కొరియా భాషలో చెప్పారు. ఆయన నవ్వి, మిగిలినవాళ్ళను కూడా వదిలేశాడట. తర్వాత నాలుగు రోజులూ మా బ్యాచి టాక్సీ డ్రైవరుకు, హోటలు కుర్రాడికి, తనంతట తాను తెరుచుకునే అద్దాల తలుపుకు కూడా నలభై అయిదు డిగ్రీలు వంగింది. సుష్మిత ఫోను చేసి, మంచు పడట్లేదు సర్, మెటీరియల్‌ల ఉంది కదా అని నిలదీసింది. అది మే నెల.

అయిదో రోజు మధ్యాహ్నం మూడింటికి జీవమణి గారు ఒక్కరే కాల్ చేశారు. అక్కడ సాయంత్రం ఆరున్నర. వెనక నది, నేను పాఠాల్లో పదేపదే చెప్పినలాంటి చిన్న కొట్టు, ఆవిడ కూర్చున్నది ప్లాస్టిక్ కుర్చీ. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఫోనును ఆ ఖాళీ కుర్చీలో నిలబెట్టి, నది కనిపించేలా తిప్పారు.

"మాస్టారూ, మీరు ఇక్కడికి ఎప్పుడూ రాలేదు కదండీ" అన్నారు. నిందలా అనలేదు. జ్వరం ఉంది కదా అన్నట్టు అన్నారు.

ఎలా తెలిసిందని అడిగాను.

"నలభై అయిదు రోజులు పాఠం చెప్పారు. ఏ వీధి ఎక్కడ మలుపు తిరుగుతుందో చెప్పారు, ఏ మెట్ల మీద ఎవరు ఏడ్చారో చెప్పారు. ఒక్క వాసన చెప్పలేదు. పోయొచ్చినవాళ్ళు ముందు వాసనే చెబుతారండీ. నేను ఆసుపత్రిలో పనిచేసినదాన్ని, నాకు తెలుసు."

ఇప్పుడు ఏం వాసన వస్తోంది అని అడిగాను. 

తడిమట్టి, ఎవరో కాల్చిన సిగరెట్టు, వేయించిన చేపలాంటిది ఏదో, పక్క బల్ల దగ్గరి అమ్మాయి రాసుకున్న సబ్బువాసనలాంటి సెంటు. నూడుల్స్ మాత్రం మీరనుకునేంత బాగా లేవు, ఉప్పు ఎక్కువ, అన్నారు. అన్నీ ఒక్కొక్కటిగా, డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు అప్పగించినట్టు చెప్పారు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. మా కిటికీలోంచి కింది టిఫిన్ సెంటర్ మిర్చీల వాసన వస్తూనే ఉంది. 

తిరిగొచ్చాక ఆవిడ నేరుగా మా హాలుకు వచ్చి, నాకు వీసా ఎందుకు రాలేదో నాతోనే చెప్పించుకుని, మళ్ళీ దరఖాస్తు చేయమన్నారు. ఆ అనుభవ పత్రం తప్పని, మీరెప్పుడూ వెళ్ళలేదని ఒక ఉత్తరం రాసిస్తే వినేవాళ్ళు వింటారు, వినకపోతే లేదు, అన్నారు. మీ ఇన్‌స్టిట్యూట్ లెటర్‌హెడ్ మీదయితే మంచిదని కూడా చెప్పారు.

హనుమాండ్లు సర్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

"అనుభవం ఉన్నదని లెటర్ ఎన్నన్న ఇస్త బిడ్డా. లేదని లెటర్ ఎట్ల ఇస్త? గా కాగితం ఒక్కటి బయటికి పోయిందంటే మనదొక్కటే కాదు, మైత్రీవనం మొత్తం ఊగుతది." తర్వాత భుజం తట్టి, కొత్త ఫ్లెక్సీ చూడమన్నాడు. 

చూశాను. నది ఒడ్డున మా బ్యాచి ఇరవై మందీ నిలబడి ఉన్నారు. మధ్యలో నీలం కోటు వేసుకుని నేనున్నాను. నా నీడ మాత్రం వాళ్ళ నీడలకు ఎదురు దిక్కున పడింది. కింద అనుభవం నాలుగేళ్ళు కాస్తా అయిదయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఏమిటో ఆ గోడ కింద నిలబడినవాడికి తెలుస్తుంది. నాకు మొదటిసారి సిగ్గు వేసింది. ఆ నది ఒడ్డు నేను చేరాల్సిన చోటు. నన్ను అడగకుండా ఎవరో నన్ను అక్కడ దింపేశారు.

ఆ ఆదివారం కొత్త బ్యాచికి ఉచిత డెమో. హాలు నిండి మెట్ల మీద కూడా నిలబడ్డారు. చివరి బెంచీలో జీవమణి గారు ఉన్నారు. హనుమాండ్లు సర్ నన్ను పరిచయం చేసి, సర్ తమ అయిదేళ్ళ అనుభవం చెప్తరని మైకు ఇచ్చాడు. 

నేను మైకు పట్టుకుని, "నేను కొరియా ఎన్నడూ పోలేదు. అక్కడ ఎట్లుంటదో నాకు తెల్వదు" అన్నాను. 

ఫ్యాను చప్పుడు వినిపించింది. ఇక ఒక్కొక్కరే లేచి పోతారు, నా ఉద్యోగం కూడా వాళ్ళ వెనకే మెట్లు దిగుతుంది అనుకున్నాను. భయమేసింది, తేలికగా కూడా అనిపించింది. 

హనుమాండ్లు సర్ పక్కనుంచి ఇంకో మైకు తీసుకున్నాడు. "చూసిండ్రా? ఇదే కొరియా మర్యాద. అన్నీ ఎర్క ఉండి ఏం తెల్వదంటరు. ఇది మన పదకొండో పాఠం." 

హాలంతా చప్పట్లు. ముందు వరసలో అమ్మాయిలు నా మాటలు నోట్సులో రాసుకున్నారు. పాత విద్యార్థినిగా సాక్ష్యం చెప్పడానికి వచ్చిన సుష్మిత లేచి, ఇది టూర్‌ల వస్తది అని వాళ్ళకు భరోసా ఇచ్చింది. మధ్యాహ్నానికి అరవై రెండు అడ్మిషన్లు అయ్యాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాళ్ళకు నిజం చెప్పేవాడు ఇంకా లోకువ.

హాలు ఖాళీ అయ్యాక జీవమణి గారు దగ్గరికి వచ్చారు. ఆవిడొక్కరే చప్పట్లు కొట్టలేదు. చేతిసంచీలోంచి నాలుగు తెల్ల కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు. నోటితో చెబితే ఈ ఊళ్ళో పాఠం అయిపోతుంది, చేత్తో రాయండి మాస్టారూ, లెటర్‌హెడ్ అక్కర్లేదు అన్నారు.

రాశాను. నా పేరు, మా ఊరు, హాస్టలు గది నంబరు రాశాను. ఆ కంపెనీ లేదని, ఆ నాలుగేళ్ళూ నేను ఎస్.ఆర్. నగర్‌లోనే ఉన్నానని రాశాను. భాష ఎలా వచ్చిందో కూడా రాశాను. ఆ కుర్చీ సంగతి రాసి కొట్టేయబోతే, ఆవిడ ఉంచమన్నారు. అడుగున సాక్షి సంతకం ఆవిడది.

పంజాగుట్టలో రాఘవేందర్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి తలుపు దగ్గరగా వేశాడు. "ఇది పెడితే వీసా వస్తదో రాదో చెప్పలేను గని, నీ నౌకరి మాత్రం పక్కా పోతదన్నా. ఫ్లెక్సీ మీద అయిదేండ్లున్నవ్ నువ్వు."

నేను ఖాళీ దరఖాస్తు ఫారం అడిగాను. అతని మనిషి పెన్సిల్ తీసుకుని గుర్తులు పెట్టబోయాడు. వద్దన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి పేజీ మొదటి వరస నుంచి చదివాను, ప్రతి గడీ నేనే నింపాను. మూడో పేజీలో ఆ ప్రశ్న వచ్చింది. గతంలో కొరియాలో ఉన్నారా?

లేదు అని రాశాను. అమీర్‌పేటకు వచ్చిన ఏడేళ్ళలో ఏ ఫారంలోనైనా నా అనుభవం గురించి నా చేత్తో నేను రాసుకున్నది అదొక్క మాటే.